కిటికీలో పెట్టిన సీసాలు

ముప్పై ఏళ్లకు పైగా సూక్ష్మదర్శిని మీద వంగి వంగి నా మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. ఎవరితో మాట్లాడినా పక్కచూపులు చూస్తున్నట్టుంటాను. ఈ ముసలాయనకు పొగరని కొందరు అనుకుంటారు. అనుకోనివ్వండి.

లాబొరేటరీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ అధికారి మెచ్చుకున్నాడో నేను చెప్పను. అవన్నీ అందరికీ ఉండేవే. నాకు అర్థం కాని ఒక సంగతి మాత్రం చెబుతాను. నాకు అర్థం కాకపోవడం వల్ల ఒక మనిషి ఉద్యోగం, ఇల్లు, పేరు మూడూ పోయాయి.

ఆసుపత్రి పేరు రాయను. నా సొంతూరు కరీంనగర్ జిల్లా, ఉద్యోగం ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గు గనుల దిక్కున. బెల్లంపల్లి నుంచి బస్సులో గంటన్నర పోతే వచ్చే చిన్న ఆసుపత్రి అనుకోండి, చాలు.

మొదటి పెద్దసారు

పోలీసు యాక్షన్ అయిన రెండేళ్లకు చేరాను. నేను ఉర్దూలో చదువుకున్నవాణ్ణి. మొదటి పెద్దసారు హైదరాబాదు మనిషి, అందరం డాక్టర్ సాబ్ అనేవాళ్లం. సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడేవాడు. తిట్టడంలో మాత్రం రెండు భాషలూ పూర్తిగా వచ్చు.

చేరిన నెలలో ఒక కార్మికుడి రక్తం వచ్చింది. గజగజ వణుకుతున్నాడు. ఆ రోజుల్లో వణికినవాడికల్లా మలేరియానే. స్లైడు మీద నాకేమీ కనబడలేదు గానీ, కనబడకపోతే నాకే పని రాదనుకుంటారని భయపడి మలేరియా అని రాసేశాను. సాబ్ పిలిచి అడిగాడు.

"నీకు కనబడ్డదా?"

"లేదు సాబ్. కానీ మనిషి వణుకుతుండు."

"వణుకుడు నేను జూస్త. నువ్వు అద్దంల ఏం కనబడ్డదో గదే రాయి. కనబడకుంటె కనబడలేదని రాయి. సమజ్ గాకుంటె సమజ్ గాలేదని రాయి. గట్ల రాస్తె నెలకిచ్చె నీ తన్‌ఖా కోస్తరా ఏంది?"

మంచి మాట. నేను సిగ్గుపడి తలూపాను. సాబ్ బదిలీ మీద పోయేదాకా అలాగే రాశాను కూడా. ఆ తర్వాతే నా బుద్ధి గడ్డి తిన్నది.

నీలి దీపం

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయ్యాక మాకు రెండో పెద్ద డాక్టరుగారు వచ్చారు. కోస్తా జిల్లాల ఆయన. పనిమంతుడే, ఆ సంగతి ముందే చెప్పాలి. ఆపరేషన్ చేసిన చెయ్యి కడుక్కోకముందే ఇంకో రోగిని చూడ్డానికి తయారయ్యేవారు. కానీ ఆయన తెచ్చినదానికి ఎవరైనా వంక పెడితే మాత్రం భరించలేరు.

ఆయన బొంబాయి నుంచి ఒక దీపం తెప్పించారు. రేకు డబ్బా కింద సన్నటి గొట్టం, వెలిగిస్తే నీలంగా ఉంటుంది. దాని కింద లోతు లేని పళ్లెంలో నీళ్లు పారతాయి. ఆ అతినీలలోహిత కిరణాలకు నీళ్లలో క్రిములు చస్తాయి. ఇక పిల్లల వార్డుకు నీళ్లు కాచే పని ఉండదన్నారు. మేమందరం వెళ్లి ఆ నీలిరంగును వింతగా చూసి వచ్చాం.

నా పని సులువే. దీపం కింద నుంచి వచ్చిన నీళ్లను గాజు సీసాల్లో పట్టి లాబొరేటరీకి తెస్తారు. నేను పొద్దున రోగుల రక్తాలు, మూత్రాలు చూసుకుని, గంటా గంటన్నర తర్వాత ఆ నీళ్లను అగారు పోసిన పళ్లేల మీద వేస్తాను. అగారంటే సూక్ష్మజీవుల తిండి కలిపిన గట్టి జెల్లీ. ఒక రోజు వెచ్చగా ఉంచితే, నీళ్లలో బతికున్న ఒక్కొక్క బ్యాక్టీరియా ఒక్కొక్క చుక్కై కనబడుతుంది. చుక్క లేకపోతే క్రిమి చచ్చినట్టు.

మొదటి రోజు ఒక్క చుక్క లేదు. డాక్టరుగారు నా వీపు తట్టారు. రెండో రోజు పళ్లెం నిండా చుక్కలు. మూడో రోజు మళ్లీ శుభ్రం. నాలుగో రోజు చుక్కలు. నీళ్లు అవే, దీపం అదే, సీసాలు అవే. నాకు తల తిరిగిపోయింది. దీపం పాడైందా అని గొట్టం తుడిపించాను. అగారు చెడిందా అని కొత్తది వండాను. ఏం చేసినా ఒక రోజు అలా, ఒక రోజు ఇలా.

రాజవ్వ

సీసాలు తెచ్చే అటెండర్లు ఇద్దరు, రోజు విడిచి రోజు. ఒకరు ఎల్లయ్య, ఇంకొకరు రాజవ్వ. రాజవ్వది మెట్‌పల్లి, సాలోళ్ల ఆడపడుచు. మగ్గం మీద కూడు పుట్టక మొగుడు గనుల్లో చేరాడు. గనిలో కప్పు కూలి చనిపోయాడు. ఆయన బదులు ఆమెకు ఈ ఉద్యోగం, ఒక గది క్వార్టర్ ఇచ్చారు. ఒక్కతే బిడ్డ, బడికి పోయేది.

ఆమె కడిగిన గాజుసామాను చూస్తే ముచ్చటేసేది. ఒక్క మరక ఉండదు. నోరు మాత్రం ఊరుకోదు. "సారూ, నీ అద్దంల దేవుడేమన్న కనబడ్తుండా? గంటసేపు తల ఎత్తవైతివి," అని ఆట పట్టించేది.

ఎవరు తెచ్చిన రోజు ఏమైందో లెక్క చూశాను. ఎల్లయ్య తెచ్చిన రోజులన్నీ శుభ్రం. రాజవ్వ తెచ్చిన రోజులన్నీ చుక్కలు. ఒక్క రోజు కూడా తేడా లేదు.

ఇద్దరి పనినీ గమనించాను. ఎల్లయ్య సీసాలను చెక్కపెట్టెలో పెట్టి మూత వేసి తాళం పెట్టి చాయ్ తాగడానికి పోయేవాడు. రాజవ్వ వాటిని కిటికీలో, అద్దం లోపలి పక్క, పొద్దుటి ఎండ పడేచోట వరసగా పేర్చేది. చలికాలం, లేత ఎండ. ఎందుకలా పెడుతున్నావని అడిగాను.

"ఎండ సోకాలె గద సారు. ఇంట్ల మేం కడవలు కడిగి ఎండకే బోర్లిస్తం. ఎండ సోకకుంటె కడిగినట్టెట్లయితది?"

నిజమే కదా అనుకున్నాను. మా అవ్వ కూడా అంతే చేసేది. ఎండ క్రిముల్ని చంపుతుందని నా పుస్తకంలోనూ ఉంది. కాబట్టి ఎండ వల్ల చుక్కలు వచ్చే ప్రసక్తే లేదు. నోటుపుస్తకంలో "రాజవ్వ సీసాలు కిటికీలో, ఎండలో" అని రాసుకున్నవాణ్ణి, ఇది చూస్తే డాక్టరుగారు నవ్వుతారని దాన్ని కొట్టేశాను. రిపోర్టులో తెచ్చినవాళ్ల పేరు, చుక్కల లెక్క మాత్రం రాశాను.

పిల్లలూ, నా వృత్తిలో నేను చేసిన అన్ని తప్పుల్లోకీ పెద్దది ఆ కొట్టివేత. కళ్లతో చూసింది కొట్టేసి, నమ్మింది ఉంచాను.

చేతులు

రిపోర్టు చూసి డాక్టరుగారు ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఆవిడ చేతులండీ! చేతులు కడుక్కోదు. బిరడా తీసి వేలు పెడుతోంది," అన్నారు.

లైసాల్‌ అనే క్రిమిసంహారక మందుతో ఆమె చేతులు కడిగించారు. అయినా చుక్కలే. చివరికి ఒక రోజు ఆమెను పిలిచి, దూదిపుల్లతో ఆమె అరచేయి తుడిపించి, ఆ దూదిని అగారు మీద రాయమన్నారు. రాశాను. మర్నాడు పళ్లెం నిండా రకరకాల చుక్కలు. ఎందుకుండవు? మనిషి చెయ్యన్నాక ఉంటాయి. నా చెయ్యి తుడిచినా ఉంటాయి, డాక్టరుగారి చెయ్యి తుడిచినా ఉంటాయి. పైగా అవి నీళ్లలో వచ్చే చుక్కల్లాంటివి కావు. రంగు వేరు, అంచు వేరు. అది నాకు కనబడుతూనే ఉంది.

డాక్టరుగారు మూత తీసి ఆమె ముందు పెట్టారు. "చూడు, ఇవీ నీ చేతులు. ఈ చేతులతో పిల్లల నీళ్లు ముట్టుకుంటున్నావు."

రాజవ్వ వంగి చూసింది. "గివన్ని నా చేతులయేనా సారు?" అని అడిగింది. ఆయన్ని కాదు, నన్ను.

నేను రిజిస్టరు తిరగేస్తూ కూర్చున్నాను. అవునని అనలేదు, కాదని అనలేదు. నాకు నిజంగానే తికమకగా ఉంది, తెలియనప్పుడు ఎలా మాట్లాడతామని నాకు నేను చెప్పుకున్నాను.

అపరిశుభ్రత అని కారణం రాసి ఆమెను తీసేశారు. క్వార్టర్ ఖాళీ చేయడానికి నెల గడువిచ్చారు. ఎల్లయ్య ఒక్కడే సీసాలు తెచ్చాడు, పళ్లేలన్నీ తళతళలాడాయి, డాక్టరుగారు సంతోషించారు. పిల్లల వార్డు నర్సు మాత్రం నీలి దీపాన్ని నమ్మక, ఎవరికీ చెప్పకుండా నీళ్లు కాచి చల్లార్చే ఇస్తూ వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ తల్లికి దండం పెట్టాలి.

నా చేతులు

రాజవ్వను తీసేసిన ఇరవయ్యో రోజున ఎల్లయ్య జ్వరంతో పడుకున్నాడు. సీసాలు నేనే తెచ్చాను. చేతులు స్పిరిటుతో కడుక్కున్నాను. పెట్టె తాళంచెవి ఎల్లయ్య దగ్గరుండిపోవడంతో సీసాలను కిటికీలో పెట్టి రోగుల పని చూసుకున్నాను. మర్నాడు పళ్లెం నిండా చుక్కలు.

ఒకే నీళ్లను రెండు సీసాల్లో పట్టి, ఒకటి కిటికీలో, ఒకటి నల్లగుడ్డ చుట్టి దాని పక్కనే పెట్టాను. కిటికీ సీసాలో చుక్కలు, గుడ్డ చుట్టినదాంట్లో లేవు. మూడు రోజులు అదే చేశాను. మూడు రోజులూ అంతే.

సరే, ఎండకు క్రిములు పెరుగుతాయేమో అనుకుని, దీపం కిందికి పోని మామూలు నీళ్లను వెడల్పాటి పళ్లెంలో పోసి బయట గోడ మీద పగలంతా ఎండలో ఉంచాను. తగ్గిపోయాయి! అంటే ఎండ క్రిముల్ని చంపుతుంది. దీపం చంపిన క్రిముల్ని మాత్రం బతికిస్తుంది. ఇదేం లోకం రా నాయనా అని జుట్టు పీక్కున్నాను. పిచ్చెక్కినట్టయింది. అన్నం సయించలేదు.

డాక్టరుగారి దగ్గరికి పోయి చెప్పాను. ఆయన నవ్వారు, కోపం కూడా లేదు. "చచ్చినవాటిని ఎండ బతికించిందంటారా? బయట ఎక్కడా అనకండి, మీ పరువుతో పాటు నా పరువూ పోతుంది. ఎందుకలా జరుగుతుందో చెప్పండి, వింటాను."

ఎందుకో నాకు తెలియదు. తెలియదు కాబట్టి నోరు మూసుకున్నాను. ఒకసారి చెప్పాను కదా, నా బాధ్యత తీరిందని కూడా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎనిమిదేళ్లకు తెలిసింది

తర్వాత డాక్టరుగారు బదిలీ అయ్యారు, దీపం మూలపడింది. ఎనిమిదేళ్లు గడిచాక నన్ను హైదరాబాదుకు కొత్త పాఠాల కోసం పంపారు. అక్కడ ఒక లెక్చరరమ్మ, వయసులో నాకన్నా చాలా చిన్నది, బ్యాక్టీరియా గురించి చెబుతోంది. బ్యాక్టీరియా లోపల డిఎన్‌ఎ అని రెండు పోగుల పొడవాటి దారం ఉంటుందనీ, దాని మీద అక్షరాల్లాంటివి వరసగా ఉంటాయనీ, అతినీలలోహిత కిరణం తగిలితే పక్కపక్క అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయనీ చెప్పింది. ఒక కణం రెండు కావాలంటే ఆ దారానికి నకలు తీయాలి. నకలు తీసే ప్రోటీన్ అతుకు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కణం రెట్టింపు కాలేకపోతుంది. మనకు చచ్చినట్టే కనబడుతుంది.

"కానీ కొన్ని బ్యాక్టీరియాల్లో ఒక ప్రోటీన్ ఉంటుంది. అది ఆ అతుకు మీద కూర్చుని వెలుతురు కోసం ఎదురుచూస్తుంది. మామూలు వెలుతురు తగిలితే ఆ శక్తితో అతుకు విడదీస్తుంది. కణం మళ్లీ పెరుగుతుంది," అంది.

నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుతురు చాలునా?"

"చాలు. చంపే కిరణాల్ని అద్దం చాలావరకు ఆపుతుంది, బాగుచేసే వెలుతురును లోపలికి రానిస్తుంది. మీరెక్కడైనా చూశారా?"

"చూశానమ్మా," అని కూర్చున్నాను.

తర్వాత ఇంకా చదివాను. వెలుతురు అక్కర్లేని ప్రోటీన్లు కూడా ఉన్నాయట. ఒకటి పాడైన ముక్కను కత్తిరిస్తుంది, ఇంకొకటి ఎదుటి పోగును చూసి కొత్త ముక్క నేస్తుంది, మరొకటి అతుకుతుంది. ఈ మరమ్మతు కాకముందే నకలు తీసే ప్రోటీన్ అక్కడికి వచ్చేస్తే, కొన్నిసార్లు ఆ చోట ఖాళీ వదిలి ముందుకు పోతుందట. ఆ ఖాళీని తర్వాత, నకలు తీయగా వచ్చిన జోడు దారంలోంచి తెచ్చి పూడుస్తాయట. ఎల్లయ్య పెట్టెలో చీకట్లో కూడా ఇవి పని చేసే ఉంటాయి గానీ, అంత దెబ్బకు చాలి ఉండవు. ఇంతవరకు అర్థమైంది. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ ప్రోటీన్‌కు ఎవరు చెబుతారు? కళ్లు లేవు, బుర్ర లేదు. పుస్తకాల్లో చదివాను, అయినా నాకు ఇప్పటికీ అయోమయమే. మీరు నాకన్నా బాగా చదువుకున్నారు, మీకు అర్థమవుతుందేమో.

మెట్‌పల్లి

హైదరాబాదు నుంచి ఇంటికి పోకుండా నేరుగా మెట్‌పల్లి బస్సెక్కాను. అడిగి అడిగి రాజవ్వ ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో ఒక్కతే కూర్చుని బీడీలు చేస్తోంది. పక్క అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి బీడీలు చేసుకుంటున్నారు. ఈమె వాళ్లలో లేదు. నన్ను చూసి గుర్తుపట్టి, చేట పక్కకు పెట్టింది.

"సారూ! నువ్వేనా? మెడకేమైంది, గట్ల వంకర వోయింది?"

కూర్చోబెట్టింది. నీళ్లియ్యనా అని అడగబోయి ఆగిపోయింది. నేనే అడిగి తాగాను. అప్పుడు చెప్పింది.

"నా చేతి నీళ్లు తాగెటోల్లు లేరు సారు. దవఖానల చేతులు ఖరాబని తీసేసిన్రని ఊరంత ఎరుకాయె. పెండ్లిళ్లల్ల వంటకాడికి రానియ్యరు. మా మరదలు బాలింతాయె, పసిగుడ్డును ఎత్తుకోనియ్యలే. బిడ్డ గూడ శానేండ్లు నా చేతులు జూస్తనే అన్నం తిన్నది. నాకే మనసుల వట్టె, నిజంగ ఏమన్న రోగమున్నదేమో అని. దినాం గరం నీళ్లతోని కడుగుత."

చేతులు చాపింది. కడిగి కడిగి తోలు తెల్లగా పాలిపోయి, వేళ్ల సందుల్లో పగిలి ఉంది. నాకు దుఃఖం ఆగలేదు. ఏడ్చాను. సిగ్గుపడలేదు.

కాసేపటికి తమాయించుకుని అంతా చెప్పాను. దీపం, దారం, అతుకు, వెలుతురు. మగ్గం తెలిసిన మనిషి, నాకన్నా తొందరగా పట్టుకుంది.

"పోగు తెగితె మేం అతుకుతం సూడు, గట్లనా? గంత చిన్న పురుగుకు గిన్ని తెలివితేటలా? పోనీ సారు, ఫికర్ జేయకు. గిప్పుడన్న తెల్సె." మళ్లీ చేట దగ్గరికి లాక్కుంది. రెండు బీడీలు చుట్టాక తలెత్తింది. "గీ సంగతి నీకెప్పుడు ఎరుకైంది?"

"మొన్న. హైదరాబాదులో పాఠం విన్నాను."

"పురుగు ముచ్చట గాదు. నా చేతులు గావని."

అబద్ధం చెప్పొచ్చు, ఆమెకు తెలిసే దారి లేదు. కానీ ఆ చేతులు ముందరే ఉన్నాయి. "అప్పుడే తెలిసింది రాజవ్వా. నేను పట్టుకొచ్చిన సీసాల్లోనూ చుక్కలు వచ్చాయి. కిటికీ వల్లేనని తెలిసింది. ఎందుకో తెలియలేదు. ఎందుకో తెలియకుండా ఏం చెప్పాలని..."

"ఎందుకో నేనేం జేసుకోను సారు? నా చేతులు గావు అంటె సాలు గద."



కాగితం మీద రాసిమ్మంది. రాశాను. రాజవ్వ చేతుల్లో ఏ దోషమూ లేదని, నీళ్లలో క్రిములు ఆమె వల్ల రాలేదని, ఆమెను తీసేయడానికి నా అసంపూర్ణమైన రిపోర్టే కారణమని రాసి, నా పేరూ హోదా రాసి సంతకం పెట్టాను. కింద ఆ రోజు తారీకు వేయబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల్టిదెందుకు? నీకు ఎరుకైన నాటిది ఎయ్యి."

ఆ తారీకు వేస్తే చదివినవాళ్లందరికీ నా సంగతి తెలిసిపోతుంది. పెన్ను పట్టుకుని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆమె తొందరపెట్టలేదు, చేయి కూడా తీయలేదు. నల్లగుడ్డ చుట్టి చూసిన మూడో రోజు నాకు బాగా గుర్తే. ఆ తారీకే వేశాను.

రాజవ్వకు చదువు రాదు. లోపల్నుంచి బిడ్డను పిలిచింది. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది, పక్క అరుగు మీది ఆడవాళ్లకు వినబడేలా గట్టిగా చదివింది. తారీకు కూడా చదివింది. రాజవ్వ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని నా వంక చూసింది.

"గప్పటికి మేమింక క్వార్టర్ల్నే ఉంటిమి గద సారూ," అంది.

అవునన్నాను.